పన్నెండు గంటల బండి వచ్చేదాకా

కౌబాయ్ సినిమా అనగానే ముందు గుర్తొచ్చేది తుపాకీ. అయితే పాతవాటిలో ఇప్పటికీ జనం వెతుక్కుని మరీ చూసే సినిమాలు కొన్ని తీసుకుని, వాటిలో తుపాకులు పేలేది ఎంతసేపో లెక్క కడితే కాస్త ఆశ్చర్యం వేస్తుంది. గంటన్నర సినిమాలో అవి గుప్పెడు నిమిషాలే. మిగతా అంతసేపూ ఎవరో ఒకరు ఎవరి కోసమో ఎదురుచూస్తుంటారు. ఆ మనిషి వస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఎప్పుడొస్తాడో కూడా తెలుసు, ఎందుకంటే అతను రైల్లో వస్తున్నాడు.

1952లో వచ్చిన 'హై నూన్'లో ఒక షాట్ ఉంది. కెమెరా నేల మీద, పట్టాల మధ్య కూర్చుని చూస్తుంటుంది. రెండు పట్టాలూ దూరంగా సాగిపోయి ఒక చుక్క దగ్గర కలిసిపోతాయి. అక్కడ పొగ లేదు, బండి లేదు, మనిషి లేడు. దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమన్ ప్రేక్షకుణ్ని మళ్లీ మళ్లీ ఈ ఖాళీ పట్టాల దగ్గరికే తెచ్చి నిలబెడతాడు. విలన్ మొహం సినిమా చివరిదాకా కనిపించదు. అప్పటిదాకా మనం చూసేది అతను రావాల్సిన దారిని. నాలుగోసారి ఆ పట్టాలు కనపడేసరికి కళ్లు వాటంతటవే ఆ చుక్కలో పొగ కోసం వెతుకుతాయి.

సస్పెన్స్ గురించి మాట్లాడేవాళ్లందరూ థ్రిల్లర్ల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బాంబు దగ్గరికి రాక తప్పదు. ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫోతో మాటల్లో ఆయన చెప్పిన ఉదాహరణ అది. ఇద్దరు కబుర్లు చెప్పుకుంటుంటే, టేబుల్ కింద ఎవరికీ తెలియని బాంబు పేలితే ప్రేక్షకుడు పదిహేను సెకన్లు ఉలిక్కిపడతాడు. అదే బాంబు ఉందనీ, ఒంటిగంటకు పేలుతుందనీ ప్రేక్షకుడికి ముందే చెప్పేస్తే ఆ పనికిరాని కబుర్లను పదిహేను నిమిషాలు ఊపిరి బిగబట్టి వింటాడు. మిగతా సినిమాలవాళ్లు ఇలాంటి బాంబు ఒకటి కల్పించుకోవాలి. కౌబాయ్ సినిమాకి అది చరిత్రలోనే రెడీగా దొరికింది.

గుర్రం మీద వచ్చేవాడు ఎప్పుడైనా రావచ్చు, రాకపోనూవచ్చు. రైలుకి మాత్రం టైం ఉంటుంది. అసలు ఆ ఊళ్లకు గడియారం బుద్ధి నేర్పింది రైలే. 1883 నవంబర్ 18కి ముందు అమెరికాలో ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. సూర్యుడు నడినెత్తి మీదకొస్తే పన్నెండు. ఆ రోజు నుంచి రైల్వే కంపెనీలు తమ బండ్లన్నిటికీ ఉమ్మడి టైం జోన్లు పెట్టుకున్నాయి, ఊళ్లు తమ గడియారాలను వాటికి సరిచేసుకున్నాయి. (మన దగ్గరా అంతే. 1906లో దేశమంతటికీ ఒకే టైం రాకముందు రైళ్లు మద్రాసు టైం చూసుకుని నడిచేవి.) అంటే కౌబాయ్ ఊళ్లో గోడ గడియారం చూపించే టైం ఆ ఊరి సొంతం కాదు, బయటినుంచి వచ్చినది. దాన్ని బతిమాలలేం, బెదిరించలేం. ఊళ్లో ఎంత గొప్ప తుపాకీ వీరుడున్నా పన్నెండు గంటల బండిని పన్నెండున్నరకు రమ్మనలేడు.

'హై నూన్' కథ పోస్టుకార్డు మీద పడుతుంది. హాడ్లీవిల్ అనే చిన్న ఊరు. ఆదివారం పొద్దున పదిన్నర దాటింది. ఊరి శాంతిభద్రతలు చూసే మార్షల్ విల్ కేన్ అప్పుడే పెళ్లి చేసుకుని, బ్యాడ్జి తీసి పక్కన పెట్టి, కొత్త భార్య ఎమీతో ఊరు వదిలి వెళ్లబోతున్నాడు. అంతలో టెలిగ్రామ్ వస్తుంది. ఐదేళ్ల కిందట తను పట్టిచ్చిన ఫ్రాంక్ మిల్లర్‌కి క్షమాభిక్ష దొరికింది, పన్నెండు గంటల బండికి దిగుతున్నాడు. అతని మనుషులు ముగ్గురు అప్పటికే స్టేషన్‌లో కూర్చుని ఉన్నారు. ఊరంతా కలిసి కేన్‌ని జట్కా ఎక్కించి పంపేస్తుంది. కొంత దూరం పోయాక అతను గుర్రాలను వెనక్కి తిప్పుతాడు. సినిమా నిడివి 85 నిమిషాలు. తెర మీద నడిచే కాలమూ ఇంచుమించు అంతే.

గోడ గడియారాలు ఈ సినిమాలో చాలా ఉన్నాయి. అయితే గడియారం చూపించినంత మాత్రాన టెన్షన్ పుట్టదు. అదే నిజమైతే పరీక్ష హాలు కంటే గొప్ప సినిమా ఉండదు. జిన్నెమన్, రచయిత కార్ల్ ఫోర్‌మన్ చేసిన తెలివైన పని ఏమిటంటే, టైముని తలుపులుగా మార్చారు. కేన్ తనకు సాయం రమ్మని ఒక్కో తలుపూ తడతాడు. ప్రతి తలుపుకీ కొన్ని నిమిషాలు ఖర్చు. ఇంకా ఎన్ని నిమిషాలున్నాయని ప్రేక్షకుడు లెక్కపెట్టడు, ఇంకా ఎన్ని ఇళ్లున్నాయని లెక్కపెడతాడు.

మిల్లర్‌కి శిక్ష వేసిన జడ్జి జెండా మడత పెట్టి, న్యాయం త్రాసు సంచిలో వేసుకుని గుర్రమెక్కుతాడు. డిప్యూటీకి తనను మార్షల్‌ని చెయ్యలేదని అలక. పాత మార్షల్‌కి కీళ్ల నొప్పులు, నా వేళ్లు చూడు అంటాడు. వస్తానని ముందే మాటిచ్చిన ఒకాయన, తీరా తనొక్కడే అని తెలిశాక పెళ్లాం బిడ్డలను గుర్తు చేసుకుంటాడు. చివరికి నిజంగా వస్తానన్నది పద్నాలుగేళ్ల కుర్రాడు. వాణ్ని కేన్ ఇంటికి పంపేస్తాడు.

వీటన్నిటిలోకీ గుచ్చుకునేది సామ్ ఫుల్లర్ ఇంటి సీను. రెండు నిమిషాలు కూడా ఉండదు. కేన్ వస్తుండటం కిటికీలోంచి చూసి ఫుల్లర్ లోపలి గదిలోకి తప్పుకుంటాడు. ఇంట్లో లేనని చెప్పమని భార్యను పంపిస్తాడు. ఆవిడ తలుపు తీసి, ఆయన చర్చికి వెళ్లారంటుంది. అబద్ధం ఆడటం ఆవిడకు చేతకాదు, మొహంలో తెలిసిపోతుంది. కేన్‌కి కూడా తెలుస్తుంది. నువ్వు లేకుండానా అని ఒక్క మాట అడిగి, ఇంకేమీ రెట్టించకుండా వెళ్లిపోతాడు. తలుపు మూసి ఆవిడ భర్త వైపు చూస్తుంది. ఒక్క మాట అనకపోయినా అతను గింజుకుంటాడు: ఏం, నేను చావాలా? నువ్వు విధవవు కావాలా? అక్కడ తుపాకీ లేదు, విలన్ లేడు. అయినా తర్వాత వచ్చే కాల్పుల్లో లేని బిగువు ఆ తలుపు దగ్గర ఉంది.

చర్చి సీను దానికి పూర్తిగా ఎదురు. అక్కడ జనం ఉన్నారు, వాదన ఉంది, కేన్ తరఫున లేచి మాట్లాడేవాళ్లూ ఉన్నారు. అప్పుడు ఊరి పెద్ద హెండర్సన్ లేస్తాడు. కేన్ ఈ ఊరికి ఎంత చేశాడో చెబుతాడు, ఇది మన సమస్యే అంటాడు. హమ్మయ్య, పని అయిందనిపిస్తుంది. అదే గొంతుతో, అదే ఆప్యాయతతో అసలు సంగతికొస్తాడు. ఉత్తరాదివాళ్లు ఇక్కడ దుకాణాలు, ఫ్యాక్టరీలు పెట్టడానికి డబ్బు తేవాలనుకుంటున్నారు, వీధిలో శవాలు పడ్డాయని పేపర్లలో వస్తే ఎవరొస్తారు? కాబట్టి విల్, నీ మంచికే చెబుతున్నా, వెళ్లిపో. కేన్ థాంక్స్ చెప్పి బయటికి నడుస్తాడు. మన ఊళ్లలో రచ్చబండ దగ్గరో, అపార్ట్‌మెంట్ మీటింగులోనో ఇలాంటి ఉపన్యాసం విననివాళ్లు తక్కువ.

కేన్‌గా వేసిన గ్యారీ కూపర్‌కి అప్పుడు 50 ఏళ్లు. కడుపులో అల్సర్, నడుం నొప్పి. ఆ బాధ మొహం మీద ఉంది, జిన్నెమన్ దాన్ని మేకప్‌తో కప్పలేదు. ఛాయాగ్రాహకుడు ఫ్లాయిడ్ క్రాస్బీ ఆకాశాన్ని అందంగా చూపించే ఫిల్టర్లు పక్కన పెట్టాడు. మిగతా కౌబాయ్ సినిమాల్లో కొండలూ మబ్బులూ కన్నులపండువగా ఉంటే, ఇందులో ఆకాశం సున్నం వేసిన గోడలా వెలిసిపోయి ఉంటుంది. పాత అంతర్యుద్ధం నాటి ఫొటోల్లా ఉండాలని అలా తీశారు. దాక్కోవడానికి నీడ కూడా లేని ఊరు అది.

పన్నెండు కొట్టే ముందు వచ్చే ఘట్టాన్ని ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ ముక్కలు ముక్కలుగా విడదీసి చూస్తారు. కేన్ వీలునామా రాస్తుంటాడు. లోలకం ఊగుతుంటుంది. దిమిత్రీ టియోమ్‌కిన్ సంగీతం దరువుకి సరిగ్గా ఒక్కో షాట్: చర్చిలో జనం, బార్‌లో జనం, ఎమీ, స్టేషన్‌లో ముగ్గురు, ఖాళీ పట్టాలు, ఒకప్పుడు మిల్లర్ కూర్చుని శిక్ష విన్న ఖాళీ కుర్చీ. ఇంతవరకూ కేన్‌ని చూసి మొహం తిప్పేసుకున్న ఇళ్లన్నిటికీ మనం ఒక్కసారిగా మళ్లీ వెళ్లొస్తాం. అప్పుడు కూత వినిపిస్తుంది. దాని తర్వాత కేన్ వీధిలోకి వస్తాడు, క్రేన్ మీద కెమెరా పైకి లేస్తూ పోతుంది. ఊరంతా కనిపిస్తుంది, ఊళ్లో మనిషి మాత్రం అతనొక్కడే. ఎడిటింగ్‌కి, సంగీతానికి, పాటకి, కూపర్ నటనకి కలిపి నాలుగు ఆస్కార్లు వచ్చాయి.

నిజం చెప్పాలంటే ఆ తర్వాతి కాల్పులు మామూలువే. అందులో గుర్తుండేది ఒక్కటి, హింస వద్దనే క్వేకర్ మతస్థురాలైన ఎమీ కిటికీలోంచి ఒకణ్ని వెనకనుంచి కాల్చడం. అంతా అయ్యాక ఇళ్లలోంచి బిలబిలమంటూ బయటికొచ్చిన జనాన్ని చూసి, కేన్ బ్యాడ్జి దుమ్ములో పడేసి, పలకరించకుండా వెళ్లిపోతాడు.

ఆ చివరి పని చాలామందికి మింగుడు పడలేదు. అప్పట్లో అమెరికన్ పార్లమెంటు కమిటీ ఒకటి హాలీవుడ్‌లో కమ్యూనిస్టులను ఏరే పనిలో ఉంది. రచయిత ఫోర్‌మన్‌ని ఈ సినిమా తయారవుతుండగానే పిలిచారు. ఆయన తోటివాళ్ల పేర్లు చెప్పలేదు, దాంతో పనులు పోయి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. తలుపులు మూసుకున్న స్నేహితులను ఆయన ఊహించి రాయాల్సిన పని లేకపోయింది. కౌబాయ్ సినిమాల పెద్ద హీరో జాన్ వేన్‌కి ఈ సినిమా అంటే ఒళ్లుమంట. అయినా కూపర్ రాలేకపోతే అతని ఆస్కార్‌ని వేదిక మీద అందుకున్నది ఆ వేనే. లోకంలో ఇలాంటి విచిత్రాలకేం తక్కువ.

మార్షల్ అనేవాడు ఊరి మీద పడి సాయం అడుక్కోవడం ఏమిటని దర్శకుడు హోవర్డ్ హాక్స్ కూడా చిరాకు పడి, దానికి జవాబుగా వేన్‌తోనే 1959లో 'రియో బ్రావో' తీశాడు. ఇక్కడ షెరీఫ్ సాయం ఇస్తామన్నా వద్దంటాడు. గడియారం లేదు, తొందర లేదు, సినిమా 141 నిమిషాలు. జైల్లో ఒక నేరస్థుడు, బయట వాడి అన్న కూలికి తెచ్చిన తుపాకులు, ఫెడరల్ మార్షల్ వచ్చేదాకా కాపు కాయాలి. టెన్షన్ వీధిలో కంటే డీన్ మార్టిన్ చేతుల్లో ఎక్కువ ఉంది. అతను తాగుడు మానడానికి నానా అవస్థ పడే డిప్యూటీ. చేతులు వణుకుతాయి, సిగరెట్ కూడా చుట్టుకోలేడు. ఒక దశలో ఓడిపోయి గ్లాసులో విస్కీ పోసుకుంటాడు. అదే సమయంలో విలన్ మనుషులు బెదిరింపుగా వాయించే ట్రంపెట్ పాట వీధిలోంచి వినిపిస్తుంది. అతను విని, ఆగి, గ్లాసులోది మళ్లీ సీసాలో పోసేస్తాడు. చుక్క ఒలకదు. ఇంత పొడుగు సినిమాలో అసలు క్లైమాక్స్ అదేనంటే తప్పులేదు. ఆ ట్రంపెట్ సంగీతమూ టియోమ్‌కిన్‌దే, ఎదుటి పార్టీ మనిషే.

ఈ రెంటి మధ్య 1957లో వచ్చిన 'త్రీ టెన్ టు యూమా' పేరే ఒక రైల్వే టైంటేబుల్. మూడూ పదికి యూమా వెళ్లే బండి. అరిజోనాలోని యూమాలో 1876 నుంచి 1909 దాకా నిజంగానే పేరు మోసిన జైలు ఉండేది. కథ ఎల్మోర్ లెనర్డ్‌ది. తర్వాత క్రైమ్ నవలలతో ప్రసిద్ధుడైన ఆయన, 1953లో ఒక చవక పత్రికకు రాసిన చిన్న కథ అది. డెల్మర్ డేవ్స్ తీసిన సినిమాలో హీరో ఒక రైతు, డాన్ ఎవన్స్. వానల్లేవు, పశువులు చచ్చిపోతున్నాయి, నీళ్లకు 200 డాలర్లు కావాలి. ఆ 200 కోసం దొంగల నాయకుడు బెన్ వేడ్‌ని రైలెక్కించే పనికి ఒప్పుకుంటాడు. 'హై నూన్'లో రైలు వస్తుందేమోనని భయం. ఇక్కడ రైలు ఇంకా రాలేదేమని భయం.

సినిమాలో సగానికి దగ్గర భాగం ఒక హోటల్ గది. కొత్త దంపతులకిచ్చే గది అది, బాగానే ఉంటుంది. వేడ్ మంచం మీద కాళ్లు చాపుకుని పడుకుంటాడు. డాన్ తుపాకీ పట్టుకుని కుర్చీలో, కిటికీ దగ్గర. చెమట పట్టేది తుపాకీ ఉన్నవాడికి. సంకెళ్లున్నవాడు హాయిగా మాట్లాడుతుంటాడు. వేడ్‌గా వేసిన గ్లెన్ ఫోర్డ్ ఇందులో ఒక్కసారి కూడా గొంతు పెంచడు. నీ భార్య ఎంత కష్టపడుతోందో చూశాను, ఆమెకు ఇంకా మంచి బతుకు ఇవ్వొచ్చు కదా అంటాడు. రెండు వందల నుంచి మాట వేలల్లోకి వెళుతుంది. ప్రేక్షకుడికి ఇక్కడ ఒక సిగ్గుచేటు ఆలోచన వస్తుంది: తీసుకో, ఇంటికి పో, వీడి కోసం నువ్వెందుకు చస్తావు? సస్పెన్స్ అంటే ఎవరు గెలుస్తారన్నది కాకుండా, మనమైతే ఏం చేస్తామన్న ప్రశ్నగా మారేది ఇలాంటి చోటే. డబ్బు ఇస్తానన్న గుర్రబ్బండ్ల కంపెనీ యజమానే చివరికి, ఇక చాలు, నీ డబ్బు నీకిస్తాను, వెళ్లిపో అన్నాక కూడా డాన్ కదలడు. పనికిరానివాడని ఊరు తీసిపారేసిన ఒక తాగుబోతు, తనకు తోడొచ్చి హోటల్ హాల్లో ఉరికి వేలాడటం అతను చూశాడు.

వేడ్ చివరలో తనంతట తానే రైల్లోకి దూకడం నమ్మేలా లేదని పేచీ పెట్టేవాళ్లున్నారు. పేచీలో న్యాయం ఉంది. కానీ అంతకుముందు గది మాటలన్నీ వింటూ వచ్చినవాళ్లకు అది అంత వింతగా అనిపించదు. పైగా యూమా జైలు నుంచి ఇంతకుముందూ తప్పించుకున్నానని వేడ్ అక్కడే ఒక మాట అంటాడు. 2007లో దీన్ని మళ్లీ తీసినప్పుడు ప్రయాణం పెరిగింది, స్టేషన్ దాకా కాల్పులు పెరిగాయి, గదిలో కూర్చునే సమయం కుంచించుకుపోయింది. చూడటానికి బాగుంది, నటులు గొప్పవాళ్లు. అయినా ఆ కుర్చీలో చెమట పట్టలేదు. లెనర్డ్ కథే ఇంకొకటి అదే 1957లో 'ది టాల్ టీ'గా వచ్చింది. 78 నిమిషాల్లో ముగుస్తుంది, అందులోనూ విలన్‌కి హీరోతో కూర్చుని కబుర్లు చెప్పుకోవడమే ఇష్టం.

ఇలాంటి సినిమా రెండోసారి చూసినా ఎందుకు బిగించి పెడుతుందన్న ప్రశ్నకు జవాబు మనవాళ్లకు కొత్త కాదు. కృష్ణుడి రాయబారం ఫలించదని తెలిసీ, యుద్ధం ఖాయమని తెలిసీ జనం తెల్లవార్లూ రాయబారం నాటకం చూసేవారు. తెలిసిన ముగింపు వైపు మనిషి ఎలా నడుస్తాడన్నదే అక్కడ చూడాల్సింది.

అమెరికన్లు 85 నిమిషాల్లో నడిపిన గడియారాన్ని ఇటలీ నుంచి వచ్చిన దర్శకుడు సెర్జియో లియోనీ రబ్బరులా సాగదీశాడు. 1965 నాటి 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్'లో గోడ గడియారం పోయి జేబు గడియారం వచ్చింది. విలన్ దాని మూత తెరుస్తాడు, సన్నటి సంగీతం మొదలవుతుంది. అది ఆగినప్పుడు తుపాకీ తియ్యాలి. సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనే ఆ గంటల శబ్దాన్ని మెల్లగా ఆర్కెస్ట్రాగా పెంచి, మళ్లీ గంటల దగ్గరికే దించుతాడు. ఆఖరి స్వరం ఎప్పుడు పడుతుందోనని వింటూ ఉండటమే సస్పెన్స్. మరుసటి ఏడాది 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'లో గడియారం కూడా లేదు. స్పెయిన్‌లో సైనికుల చేత వేల సమాధులు కట్టించిన శ్మశానంలో ముగ్గురు గుండ్రంగా నిలబడతారు. మొదట మనుషులు చీమల్లా కనిపించే షాట్లు, తర్వాత మొహాలు, తర్వాత కళ్లు, వేళ్లు. షాట్లు పొట్టివవుతున్న కొద్దీ సమయం పొడుగవుతుంది. కాల్పులు ముగిసేది రెండు మూడు సెకన్లలో.

ఈ డాలర్ల సినిమాల గాలి మనకూ తగిలింది. 1971లో కృష్ణ హీరోగా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చింది. రాజస్థాన్ ఇసుకలో గుర్రాలు దౌడు తీశాయి, టోపీలూ నిధి వేటా ఒకరినొకరు మోసం చేసుకోవడమూ తెలుగులోకి బ్రహ్మాండంగా దిగాయి. నేల టికెట్ల జనం ఎగబడి చూశారు. ఎదురుచూపు మాత్రం పెద్దగా దిగలేదు. పాటలకూ ఫైట్లకూ చోటు కావాల్సిన సినిమాలో ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కూర్చోవడానికి చోటెక్కడిది? ఆ మౌనంలో కొంత 1975లో హిందీ 'షోలే'లో కనిపిస్తుంది, ఠాకూర్ ఇంట్లో అందరూ పోయాక కిర్రుమంటూ ఊగే ఉయ్యాలలో.

'హై నూన్' స్టేషన్‌లో కూర్చున్న ముగ్గురిలో ఒకడు సన్నటి కళ్ల కుర్రాడు, లీ వాన్ క్లీఫ్. అది అతని మొదటి సినిమా, ఒక్క డైలాగ్ కూడా లేదు. పదమూడేళ్ల తర్వాత లియోనీ అతన్ని వెతికి పట్టుకుని జేబు గడియారం సినిమాలో హీరోని చేశాడు. 1968లో 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' మొదలుపెట్టినప్పుడు ఆ పాత స్టేషన్‌కే మళ్లీ వెళ్లాడు. ముగ్గురు తుపాకీవాళ్లు, రైలు కోసం. సంగీతం లేదు. గాలిమర కిర్రుమంటుంది. పైకప్పు నుంచి ఒకడి గుండు మీద నీటి చుక్క పడుతుంది. అతను జరగడు, టోపీ పెట్టుకుంటాడు. చుక్కలు టోపీ అంచులో పోగవుతుంటాయి. ఒకడు వేళ్లు విరుచుకుంటాడు. ఒకడి గడ్డం మీద ఈగ వాలుతుంది. ఊది ఊది విసిగి, దాన్ని తుపాకీ గొట్టంలో బంధించి, లోపల అది గీపెడుతుంటే చిన్నపిల్లాడిలా నవ్వుకుంటాడు. ఇంతకంటే ఏమీ జరగదు, చూపు తిప్పబుద్ధి కాదు.

రైలు వస్తుంది. ఎవరూ దిగరు. బండి కదిలిపోతుంది. ముగ్గురూ వెనక్కి తిరిగేసరికి పట్టాల అవతలినుంచి మౌత్ ఆర్గాన్ వినిపిస్తుంది. టోపీలోని నీళ్లు తాగేసినవాడూ, ఈగను వదిలేసినవాడూ, మూడోవాడూ ఆగిపోతారు. నాకు గుర్రం తెచ్చారా అంటాడు అవతలివాడు. ఒక గుర్రం తక్కువైనట్టుందే అని నవ్వుతారు వీళ్లు. అతను మెల్లగా తల అడ్డంగా ఊపుతాడు, రెండు ఎక్కువే తెచ్చారంటాడు. తెర వెలిగి అప్పటికి పది నిమిషాలు దాటింది. నాలుగు తుపాకులు ఒక్కసారే పేలతాయి, నలుగురూ నేల మీద పడతారు. గాలిమర కిర్రుమంటూనే ఉంటుంది.